పని దాకా నడుపుకోవచ్చా?
తాగి పట్టుబడ్డ డ్రైవర్‌కు మన చట్టం ఇచ్చేది, ఇవ్వనిది

డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికినవాడికి ఫైన్ ఎంత పడుతుందో హైదరాబాద్ పాతబస్తీలోని శాలిబండ చౌరస్తాలో చాయ్ తాగేవాళ్లలో ఎవరైనా చెబుతారు. కౌన్సెలింగ్‌కు ఎక్కడికి పోవాలో, ఇంట్లోవాళ్లలో ఎవరిని వెంట తీసుకుపోవాలో కూడా చెబుతారు. లైసెన్సు ఆపేశాక కనీసం పనికి పోయిరావడానికైనా బండి నడుపుకునే వీలుందా అని అడిగితే మాత్రం తలొక మాట వినిపిస్తుంది. ఆర్టీఏ దగ్గర ఏజెంటును పట్టుకుంటే అయిపోతుందని ఒకరు, జడ్జిగారికి అర్జీ పెట్టుకోవాలని ఒకరు, అసలు లైసెన్సు అడిగేదెవరని ఇంకొకరు. కొడుకో అల్లుడో అమెరికాలో ఉన్నవాళ్లయితే, అక్కడ అలాంటి లైసెన్సు ఇస్తారట కదా అంటారు. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఇస్తారు. మన దగ్గర ఇవ్వరు. ఎందుకివ్వరు, ఇస్తే ఎవరికి మేలు, ఇవ్వకపోవడం వల్ల నిజంగా ఏం జరుగుతోంది అన్నవి విడివిడిగా చూడాల్సిన సంగతులు.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చి, 1989 జూలై 1 నుంచి అమలైంది. అందులోని 185వ సెక్షన్ మొదట్లో ఇప్పటికంటే కఠినం. రక్తంలో ఆల్కహాలు ఎంత కొద్దిగా ఉన్నా నేరమే. 1994 సవరణతో దానికి ఒక కొలత పెట్టారు. ఊదే యంత్రంతో పరీక్షిస్తే 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ తేలాలి. పోలీసులు "రీడింగ్ ఎంత?" అనేది ఈ అంకె గురించే. ఇంగ్లండ్‌లో ఈ హద్దు 80. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ 80కి సమానమే. మన హద్దు వాళ్లదానిలో సగం కూడా లేదు. స్ట్రాంగ్ బీరు ఒక్కటి తాగి వెంటనే బండెక్కినవాడు కూడా దాటేయగల హద్దు ఇది. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. రెడ్‌లైట్ దాటిన చలానులా దీన్ని ఆన్‌లైన్‌లో కట్టి వదిలించుకోవడం కుదరదు. రాజీ చేసుకోదగ్గ నేరాల జాబితాలో 185 లేదు. కోర్టుకు పోవాల్సిందే.

లైసెన్సు సంగతి వేరే సెక్షన్లలో ఉంది. గందరగోళం అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే దెబ్బ రెండు వైపుల నుంచి పడుతుంది.

మొదటిది ఆర్టీఏ వైపు నుంచి. 2019 సవరణ ప్రకారం, తాగి నడిపాడని నమ్మడానికి కారణం ఉంటే పోలీసు అధికారి లైసెన్సు తీసుకుని లైసెన్సింగ్ అధికారికి పంపాలి. ఆ అధికారి ఎదుటివాడి మాట వినాలి. విని వదిలేయవచ్చు. లేదా కారణాలు రాసి, మొదటి తప్పుకు మూడు నెలల అనర్హత విధించవచ్చు. రెండోసారి అయితే లైసెన్సే రద్దు. లైసెన్సు తీసుకున్నప్పుడు పోలీసులు ఒక రసీదు ఇస్తారు. చాలామంది ఆ కాగితాన్ని చూపించి నడుపుకోవచ్చని అనుకుంటారు. కుదరదు. లైసెన్సు తిరిగి చేతికి వచ్చేదాకా ఆ రసీదు బండి నడిపే హక్కు ఇవ్వదని చట్టంలోనే రాసి ఉంది. పోలీసులు లైసెన్సును పంపగలరే కానీ సస్పెండ్ చేయలేరని 2022లో కలకత్తా హైకోర్టు తేల్చింది. శాలిబండవాళ్లకు ఆ నిర్ణయం తీసుకునేది బండ్లగూడలోని దక్షిణ మండల ఆర్టీఏ. ఆ ఉత్తర్వు మీద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

రెండోది కోర్టు వైపు నుంచి. 20వ సెక్షన్ ప్రకారం 185 కింద నేరం రుజువైతే కోర్టు తప్పనిసరిగా అనర్హత విధించాలి. అది ఆరు నెలలకు తగ్గకూడదు. ఇక్కడ మేజిస్ట్రేట్‌కు విచక్షణ పైకే కానీ కిందికి లేదు. హైదరాబాద్ కోర్టుల తీర్పుల గురించి పోలీసులు పత్రికలకిచ్చే ప్రకటనల్లో ఆరు నెలలు, ఏడాది, రెండేళ్లు, ఐదేళ్లు, శాశ్వత రద్దు దాకా కనిపించాయి. ఒకే రకం తప్పుకు ఇంత తేడా ఎందుకో ఆ ప్రకటనల్లో ఉండదు. రీడింగ్ ఎంతన్నది ఒక కారణం, ఇదివరకు దొరికాడా అన్నది ఇంకొకటి అని ఊహించుకోవాలి.

ఈ రెంటితో పాటు తెలంగాణ ప్రభుత్వం 2017 ఆగస్టు 1న పాయింట్ల పద్ధతి ఒకటి తెచ్చింది. తాగి టూవీలర్ నడిపితే 3 పాయింట్లు, కారైతే 4, ప్రయాణికుల బండైతే 5. రెండేళ్లలో 12 చేరితే ఏడాది పాటు లైసెన్సు పోతుంది. కాగితం మీద చక్కగా ఉన్న ఈ లెక్క జనం నోళ్లలో నానినంతగా లైసెన్సుల మీద ప్రభావం చూపలేదని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ మూడు నెలల్లో, ఆరు నెలల్లో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా, ఇంటి నుంచి పని దాకా, ఫలానా దారిలో నడుపుకో అని అనుమతి ఇచ్చే అధికారం మన చట్టంలో ఎవరికైనా ఉందా? లేదు. గంటల చొప్పున, దారి చొప్పున, అవసరం చొప్పున లైసెన్సును కత్తిరించి ఇవ్వడం 1988 చట్టానికి తెలియదు.

అయితే 20వ సెక్షన్‌ను నిదానంగా చదివితే ఒక చిన్న సందు కనిపిస్తుంది. కోర్టు అనర్హత విధించేటప్పుడు అన్ని రకాల వాహనాలకూ విధించవచ్చు, లేదా లైసెన్సులో ఉన్న ఏదో ఒక తరగతికో రకానికో మాత్రమే విధించవచ్చు. అనర్హత ప్రభావం చెప్పే 23వ సెక్షన్ కూడా ఉత్తర్వులో చెప్పిన మేరకే లైసెన్సు చెల్లకుండా పోతుందంటుంది. అంటే మేజిస్ట్రేట్ తలుచుకుంటే ప్రయాణికులను ఎక్కించుకునే బండి నడపకూడదని, సొంత స్కూటర్ నడుపుకోవచ్చని రాయగలరు. సరిగ్గా దీనికి ఎదురుదిశలోనూ రాయగలరు. పరిమిత లైసెన్సుకు మన చట్టంలో అతి దగ్గరి చుట్టం ఇదే. దీన్ని అడిగేవాళ్లు మాత్రం దాదాపు కనపడరు. ఎందుకు అడగరో తెలియాలంటే ఆ కోర్టు రోజు ఎలా గడుస్తుందో చూడాలి.

రాత్రి దొరుకుతాడు. పైపు ఊదుతాడు. బండి ఆపేస్తారు. ఒకరోజు గోషామహల్‌లోనో బేగంపేటలోనో ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు రమ్మంటారు. అమ్మనో, నాన్ననో, భార్యనో తీసుకుపోవాలి. అక్కడ ప్రమాదాల వీడియోలు చూపిస్తారు. తలవంచుకుని కూర్చునే మొగుడి కంటే పక్కన కూర్చున్న భార్యే ఎక్కువ నలిగిపోయే తరగతి అది. తర్వాత కోర్టు తేదీ. అక్కడ వకీలు ఉన్నవాళ్లు తక్కువ. "ఒప్పేసుకుంటే ఫైన్‌తో పోతుంది" అన్న సలహా అందరికీ ముందే అంది ఉంటుంది. పేరు పిలుస్తారు, తప్పు ఒప్పుకుంటావా అంటారు, ఒప్పుకుంటాడు. రీడింగ్ మరీ ఎక్కువైనవాళ్లు, మళ్లీ దొరికినవాళ్లు కొన్ని రోజులకు చంచల్‌గూడ జైలుకు పోతారు. అంతా నిమిషాల్లో ముగిసే ఆ తంతులో, నేను ఈ బండి మీదే బతుకుతాను, మా ఇంట్లో ఇంతమంది, నా ఉత్తర్వును ఫలానా తరగతికి పరిమితం చేయండి అని అర్జీ రాసి ఇచ్చేవాడెవడు? ఒప్పుకోలుతోపాటు లైసెన్సు కూడా పోతుందని చాలామందికి తీర్పు చదివాకే తెలుస్తుంది.

బండి వేరు, లైసెన్సు వేరు అన్నది కూడా ఇక్కడ కలగలిసిపోతుంది. తాగి నడిపాడన్న కారణంతో బండిని పట్టుకుని ఉంచుకునే అధికారం పోలీసులకు లేదని 2021 నవంబర్‌లో తెలంగాణ హైకోర్టులో జస్టిస్ కె. లక్ష్మణ్ తీర్పు చెప్పారు. పక్కన తాగని మనిషి, లైసెన్సు ఉన్నవాడు ఉంటే బండి అతనికి ఇచ్చేయాలి. లేకపోతే బంధువునో మిత్రుణ్నో పిలిపించాలి. ఎవరూ రాకపోతే స్టేషన్‌లో భద్రంగా ఉంచి, తర్వాత యజమానికి అప్పగించాలి. పాతబస్తీలో ఈ తీర్పు విలువ ఎక్కువ. నగరంలో కొత్త ఆటో పర్మిట్లమీద ఏళ్ల తరబడి ఆంక్షలుండడంతో, ఆటో ఒకరిది, పర్మిట్ కాగితం ఇంకొకరి దగ్గర, తోలేది రోజు కిరాయికి తీసుకున్న మూడోవాడు. బండి స్టేషన్‌లో పడి ఉంటే ముందు ఓనర్ గోలపెడతాడు. బండి బయటికి రాగానే అంతా తేలిపోయిందన్న భావం వస్తుంది. "బండి ఇచ్చిన్రు, ఇగ నడుపుకోవచ్చు కదన్నా" అనే మాటలో తప్పు ఎక్కడుందో చెప్పేవాళ్లుండరు.

ఆ తప్పు ఖరీదైనది. అనర్హత ఉన్నప్పుడు నడిపితే 182వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. తెలిసి బండి ఇచ్చిన ఓనర్‌కూ శిక్ష ఉంది. దానికంటే పెద్దది బీమా. అనర్హుడు నడిపినా, తాగి నడిపినా బీమా కంపెనీ చేతులెత్తేయడానికి చట్టమే దారి ఇచ్చింది. దెబ్బతిన్న బాటసారికి పరిహారం అందేలా కోర్టులు కంపెనీతో ముందు కట్టించి, ఆ సొమ్మును యజమాని దగ్గర వసూలు చేసుకోమంటాయి. కిరాయి ఆటో ఓనర్‌కు ఆ వసూలు నోటీసు వచ్చిన రోజున ఆటో అమ్మినా సరిపోదు.

ఇక ఊరట దారుల విషయానికొస్తే, 23వ సెక్షన్‌లో ఒకటుంది. అనర్హత ఉత్తర్వు వెలువడిన ఆరు నెలల తర్వాత, దాన్ని ఇచ్చిన కోర్టుకో అధికారికో అర్జీ పెట్టుకోవచ్చు. పరిస్థితులన్నీ చూసి ఉత్తర్వును రద్దు చేయవచ్చు, మార్చవచ్చు. కాదంటే మూడు నెలల దాకా రెండో అర్జీ తీసుకోరు. బాగానే ఉందనిపిస్తుంది. కానీ లెక్క వేసి చూడండి. మొదటిసారి దొరికి, కనీస శిక్షగా ఆరు నెలల అనర్హత పడ్డవాడికి ఈ తలుపు తెరుచుకునేది ఆ అనర్హత తీరిన రోజే. ఆర్టీఏ మూడు నెలలు ఆపినవాడికైతే తలుపు తెరిచేనాటికి గడువు తీరి ఇంకో మూడు నెలలు గడిచి ఉంటాయి. ఎక్కువ తప్పు చేసి ఏడాదో రెండేళ్లో పడ్డవాడికే ఇది పనికొస్తుంది. చిన్న తప్పువాడికి దారి లేకుండా, పెద్ద తప్పువాడికి దారి పెట్టడం చట్టం రాసినవాళ్లు కావాలని చేసింది కాకపోవచ్చు. ఫలితం మాత్రం అదే. ఇంకో దారి అప్పీలు. అప్పీలు వేసినంత మాత్రాన అనర్హత ఆగదు. పైకోర్టు ప్రత్యేకంగా స్టే ఇస్తేనే ఆగుతుంది. ఒప్పుకోలు మీద పడిన శిక్షకు అప్పీలు అంత తేలిక కాదని వకీళ్లందరికీ తెలుసు.

బయటి దేశాల్లో ఎలా చేస్తున్నారన్నది ఇక్కడ పనికొస్తుంది. మనవాళ్లు ఎక్కువగా ఉన్న టెక్సస్‌నే తీసుకుందాం. అక్కడ లైసెన్సు సస్పెండయినవాడు కోర్టుకు అర్జీ పెట్టుకుని ఉపాధి లైసెన్సు తెచ్చుకోవచ్చు. ఉద్యోగం, చదువు, ఇంటి అవసరాలు అని చూపించాలి. ఎస్‌ఆర్-22 అనే బీమా ధ్రువపత్రం దాఖలు చేయాలి. మామూలుగా రోజుకు నాలుగు గంటలు, జడ్జి ఒప్పుకుంటే 12 గంటల దాకా నడుపుకోవచ్చు. కోర్టు ఉత్తర్వు కాగితం ఎప్పుడూ బండిలో ఉండాలి. న్యూజెర్సీలో మన ఎడిసన్ వాళ్లకు ఈ సౌకర్యం లేదు. ఆ రాష్ట్రం గంటల లెక్క పెట్టుకోలేదు. 2019 డిసెంబర్ నుంచి, మొదటిసారి కొద్ది మోతాదులో దొరికినవాడు కారులో ఒక యంత్రం బిగించుకుంటే నడుపుకోనిస్తారు. ఊదితే, ఆల్కహాలు లేదని తేలితే తప్ప ఇంజన్ స్టార్ట్ కాదు. ఇలినాయ్ 2009లోనే ఇలాంటి యంత్రంతో కూడిన పర్మిట్ పెట్టింది. ఖర్చు దొరికినవాడిదే. ఒకచోట గడియారం కాపలా, ఒకచోట యంత్రం కాపలా. రెండోదే మేలని అక్కడి అధ్యయనాల సారాంశం. అమెరికా ఆరోగ్య సంస్థలు 2011లో చేసిన సమీక్షలో, యంత్రం ఉన్నంతకాలం మళ్లీ దొరికేవాళ్లు సుమారు మూడింట రెండొంతులు తగ్గారని తేలింది. యంత్రం తీసేశాక ఆ మేలు నిలవలేదని కూడా అదే సమీక్షలో ఉంది.

ఇక్కడ మన ఇంజనీర్ల గురించి ఒక మాట. టెక్సస్‌లో ఉపాధి లైసెన్సు దొరికిందని ఊపిరి పీల్చుకున్న హెచ్-1బీ ఉద్యోగికి ఇంకో చోట దెబ్బ ఉంది. తాగి నడిపి అరెస్టయితే చాలు, శిక్ష పడకముందే కాన్సులేట్ వీసాను ముందుజాగ్రత్తగా రద్దు చేయవచ్చని 2015 నవంబర్‌లో అమెరికా విదేశాంగ శాఖ తన నిబంధనలు మార్చింది. ఆఫీసుకు కారులో పోవచ్చు, కానీ అమ్మానాన్నల్ని చూడటానికి వచ్చి తిరిగి పోవాలంటే మళ్లీ వీసా ఇంటర్వ్యూ. హైదరాబాద్‌లో చాలా ఇళ్లల్లో ఈ సంగతి బయటికి చెప్పుకోరు.

బ్రిటన్ మాత్రం మనలాగే ఆలోచిస్తుంది, బహుశా మనమే వాళ్లలా ఆలోచిస్తున్నాం. అక్కడా పరిమిత లైసెన్సు లేదు. తాగి నడిపితే కనీసం 12 నెలల అనర్హత. అయితే పునరావాస కోర్సు పూర్తి చేస్తే ఆ కాలంలో పావువంతు దాకా తగ్గిస్తారు. బతుకుతెరువు పోతుందన్న మొరను కోర్టు ఆలకించదు, నేర్చుకున్నావా అని మాత్రం అడుగుతుంది. 2019 సవరణలో మన చట్టమూ ఇలాంటి కోర్సు పెట్టింది. ఆర్టీఏ ఆపేసిన లైసెన్సు గడువు తీరాక రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేస్తేనే తిరిగి ఇవ్వాలి. తేడా ఒక్కటే. అక్కడ కోర్సు చేస్తే గడువు తగ్గుతుంది. ఇక్కడ చేయకపోతే గడువు తీరినా లైసెన్సు రాదు. కోర్సును బహుమానంగా చూపించే దేశంలోనూ, అడ్డుకట్టగా చూపించే దేశంలోనూ ఉత్సాహం ఒకేలా ఉండదు.

అమెరికా పద్ధతిని మనం తెచ్చుకోవాలి అనేవాళ్లు ఒక ముఖ్యమైన అంశాన్ని వదిలేస్తారు. అక్కడి పరిమిత లైసెన్సు ఉద్యోగానికి పోయేవాడికోసం పుట్టింది. నడపడమే ఉద్యోగమైనవాడికోసం పుట్టలేదు. వాణిజ్య వాహన లైసెన్సు ఉన్నవాడు తాగి దొరికితే ఫెడరల్ నిబంధన ప్రకారం మొదటిసారే ఏడాది అనర్హత. ఆ ఏడాదిలో లారీనో బస్సునో నడపడానికి ఏ రాష్ట్రమూ కష్టకాలపు పర్మిట్ ఇవ్వకూడదు. టెక్సస్ ఉపాధి లైసెన్సుతోనూ వాణిజ్య వాహనం నడపరాదు. ఇది అర్థవంతమైన నిబంధనే. బస్సులో 50 మంది ఉంటారు.

ఇప్పుడు శాలిబండకు తిరిగి వద్దాం. చార్మినార్ నుంచి ఫలక్‌నుమా దాకా, అలియాబాద్, లాల్ దర్వాజా, మొగల్‌పురా గల్లీల్లో లైసెన్సు మీద బతికేవాళ్లు ఎవరు? ఆటోవాళ్లు, క్యాబ్‌వాళ్లు, బైకు మీద బిర్యానీ ప్యాకెట్లు మోసే డెలివరీ పిల్లలు, పెళ్లి సామాను తోలే చిన్న ట్రాలీవాళ్లు. కారులో ఆఫీసుకు పోయి కారులో ఇంటికి వచ్చేవాళ్లు కొందరే. 2023 డిసెంబర్‌లో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలయ్యాక గిరాకీ పడిపోయిందని ఆటోవాళ్లు రోడ్డెక్కిన సంగతి తెలిసిందే. వాళ్లకు ఆరు నెలల అనర్హతంటే ఆరు నెలల ఆకలి. అమెరికా తరహా పరిమిత లైసెన్సును ఉన్నది ఉన్నట్టు తెస్తే, జూబ్లీహిల్స్ నుంచి మాదాపూర్‌కు కారులో పోయేవాడికి మేలు జరుగుతుంది. శాలిబండ ఆటోవాడికి ఏమీ రాదు. ఆటోవాడికి కూడా రావాలంటే, తాగి నడిపి శిక్షపడ్డవాడి ఆటోలో ఆ మర్నాడే బడిపిల్లల్ని కూర్చోబెట్టాలి. ఈ రెంటిలో ఏదీ నాకు నచ్చదు.

2016 జూలైలో పంజాగుట్టలో తాగిన కుర్రాళ్ల కారు కింద బడి నుంచి వస్తున్న కుటుంబం నలిగిపోయింది. ఆ తర్వాత హైదరాబాద్‌లో జాలి మాట ఎత్తడమే కష్టమైంది. అది న్యాయమే. కానీ జాలికీ ఏర్పాటుకూ తేడా ఉంది. లైసెన్సు పోయినవాళ్లలో ఎక్కువమంది ఎంతోకొంత నడుపుతూనే ఉంటారని అమెరికాలో పదేపదే తేలింది. ఎవరూ చూడరని తెలిసినచోట అంతకంటే తక్కువ ఉంటారని అనుకోవడానికి కారణం లేదు. మన దగ్గర తనిఖీ నాకాలో ఆపిన కానిస్టేబుల్ హెల్మెట్ చూస్తాడు, బండి మీద ఎన్ని చలాన్లు పెండింగో చూస్తాడు. నడిపేవాడి లైసెన్సు ఫలానా తేదీ దాకా చెల్లదన్న మాట అతని చేతిలోని యంత్రంలో కనపడితే తప్ప ఆ అనర్హత ఒక కాగితమే. పూర్తి నిషేధం అని రాసి, పూర్తిగా వదిలేయడం మన ప్రస్తుత విధానం. పరిమిత అనుమతి ఇచ్చి, ఆ పరిమితిని చూసుకోవడం దానికంటే నయం.

ఆ పరిమితి గంటలతో గీయడం మన రోడ్ల మీద దండగ. తొమ్మిది గంటలకు ఇంటికి చేరాలన్న షరతు చార్మినార్ ట్రాఫిక్‌లో ఎవరివల్లా కాదు, పరీక్షించేవాడూ ఉండడు. యంత్రం మంచిదే. కానీ ఆ యంత్రం కార్లకోసం పుట్టింది. నగరంలో పట్టుబడేవాటిలో అత్యధికం టూవీలర్లు. పాత స్కూటరుకు దాని ధర కంటే ఎక్కువ పెట్టి యంత్రం బిగించమంటే నవ్వుతారు. మిగిలింది తరగతి. అది ఇప్పటికే చట్టంలో ఉంది. ప్రయాణికులను, కిరాయి సరుకును మోసే బండి ఆరు నెలలు ముట్టుకోకూడదు. సొంత టూవీలర్ మీద పనికి పోవచ్చు, రిఫ్రెషర్ కోర్సు పూర్తిచేసిన రోజు నుంచి. ఆటోవాడు ఆటో తోలలేడు, కానీ ఇంకో పనికి పోయిరాగలడు. కూలికో, దుకాణానికో, గోదాముకో. ఆకలి తీరకపోవచ్చు, తగ్గుతుంది. ప్రయాణికుడి ప్రాణం పణంగా పెట్టలేదు. మెట్రో ఉన్న బస్తీకి ఈ మాత్రం అవసరం ఉండేది కాదేమో. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమాకు మెట్రో మార్గానికి 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. అందులో శాలిబండ స్టేషన్ ఉంది. అది కదిలేదాకా ఇక్కడ బండి లేని మనిషి బస్సుకో షేర్ ఆటోకో చేతులు ఊపాల్సిందే.

తరగతి పద్ధతికి ఒక చిక్కు కొత్తగా వచ్చిపడింది. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, తేలికపాటి మోటారు వాహనం లైసెన్సు ఉన్నవాడు 7,500 కిలోలకు మించని రవాణా వాహనం కూడా నడపవచ్చని, దానికి వేరే అనుమతి అక్కర్లేదని చెప్పింది. డ్రైవర్ల జీవితాలకు అది మేలు చేసిన తీర్పు. కానీ ఇప్పుడు సొంత కారుకూ కిరాయి ఆటోకూ లైసెన్సులో ఉన్న గీత చెరిగిపోయింది. మేజిస్ట్రేట్ ఉత్తర్వులో తరగతి పేరు రాస్తే సరిపోదు, ప్రయాణికులను కిరాయికి ఎక్కించుకునే బండి అని విడమర్చి రాయాలి. డెలివరీ బైకు ఇంకా పెద్ద చిక్కు. నంబర్ ప్లేటు తెల్లది, పని కిరాయిది. నా మటుకు నేను దాన్ని కిరాయి వైపే వేస్తాను. వానలో నలభై నిమిషాల గడువుతో పరిగెత్తే బైకు సొంత ప్రయాణం ఎలా అవుతుంది?

మన నగరంలో ఇంకో సంగతి ఊదే యంత్రానికి అందదు. 2004లో మూతపడ్డ కల్లు దుకాణాలు 2014లో నగరంలో మళ్లీ తెరుచుకున్నాయి. కల్లులో కలిపే అల్ప్రజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ గురించి ఎక్సైజ్ వాళ్లకూ తెలుసు, తాగేవాళ్లకూ తెలుసు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయాక అందరికీ తెలిసింది. ఆ మత్తులో బండి నడిపినవాడికి రీడింగ్ హద్దులోపే రావచ్చు. 185వ సెక్షన్‌లో మత్తుమందు గురించిన భాగం ఉంది, కానీ బండిని అదుపు చేయలేని స్థితిలో ఉన్నాడని నిరూపించాలి. రోడ్డు మీద అది తేలే వీలు తక్కువ. కాబట్టి 35 రీడింగ్‌తో ఒక బీరు తాగినవాడి లైసెన్సు పోతుంది, కల్తీ కల్లుతో తూలుతున్నవాడు "ఊదిన కదా సారూ" అని ముందుకు పోతాడు. పరిమిత అనుమతి ఇచ్చే ముందు మద్యం అలవాటును వైద్యుడు పరిశీలించాలని షరతు పెడితే ఈ రెండో రకాన్నీ కొంతవరకు పట్టుకోవచ్చు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో అలవాటు మాన్పించే చికిత్స ఉంది. కోర్టు అటువైపు పంపడానికి కొత్త సెక్షన్ కోసం ఎదురుచూడనక్కర్లేదు. 23వ సెక్షన్ అర్జీ విచారించేటప్పుడు "పరిస్థితులన్నీ" అన్న మాటలోనే అది ఇమిడిపోతుంది.

చట్టం మారాల్సిన చోటు నిజానికి ఒకటే. 23వ సెక్షన్‌లోని ఆరు నెలల గడువును మొదటిసారి దొరికినవాడికి రెండు నెలలకు తగ్గించాలి. రెండు నెలలు పూర్తిగా ఆగాలి. ఆ తర్వాత కోర్సు సర్టిఫికెట్, వైద్యుడి చీటీ, యజమాని ఉత్తరం పట్టుకుని అర్జీ పెట్టుకోవచ్చు. ఇస్తే టూవీలర్‌కే. మళ్లీ దొరికితే ఈ తలుపు ఉండదు. మిగతాదంతా పార్లమెంటుతో పనిలేనిది. తీర్పులో తరగతిని స్పష్టంగా రాయడం, ఆ వివరం నాకాలో పోలీసు చేతిలోని యంత్రానికి చేరేలా చూడటం, కౌన్సెలింగ్ రోజునే లైసెన్సు సంగతి తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక కాగితం మీద రాసి చేతికివ్వడం. గోషామహల్‌లో ప్రమాదాల వీడియోకు పెట్టే సమయంలో పది నిమిషాలు దీనికి చాలు.

అప్పటిదాకా దొరికినవాడు చేయగలిగింది కొద్దే. ఒప్పుకోలుకు ముందు న్యాయ సేవాధికార సంస్థ వకీలును అడిగి తరగతి గురించిన అర్జీ రాసి ఇవ్వవచ్చు. బతుకుతెరువు వివరాలు రికార్డులో ఉంటే తర్వాత 23వ సెక్షన్‌కు పనికొస్తాయి. ఉత్తర్వు నకలు అదే రోజు అడగాలి, ఎందుకంటే గడువులన్నీ ఆ తేదీ నుంచే లెక్క. బండ్లగూడకు పోయి రిఫ్రెషర్ శిక్షణ ఎక్కడో కనుక్కుని, గడువు తీరేలోపే పూర్తిచేయాలి. గడువు తీరి లైసెన్సు చేతికొచ్చినా దాని మీద నేరం తాలూకు ఎండార్స్‌మెంట్ ఉంటుంది. దాని మీద ఇంకోటి పడకుండా మూడేళ్లు గడిస్తే, ఐదు రూపాయల రుసుము కట్టి మచ్చలేని కొత్త లైసెన్సు తీసుకోవచ్చని 25వ సెక్షన్ చెబుతుంది.